లీకేజీ కాదు సార్, చెమట

మా కరెంటు వ్యాను వెనక షాక్ అబ్జార్బర్‌కు చెమట పట్టింది. ఈ మాట నాది కాదు. కంపెనీ సర్వీస్ సెంటర్లో మెడలో ట్యాగు, చేతిలో ట్యాబు ఉన్న అడ్వైజర్ బండి కిందికి వంగి చూసి, లేచి, ప్యాంటు మోకాలి దగ్గర దులుపుకుని మరీ చెప్పాడు. "ఇది లీకేజీ కాదు సార్, చెమట. లీకేజీకే వారంటీ. చెమటకు ఉండదు."

బెజవాడలో పుట్టి పెరిగినవాణ్ని. చెమట గురించి నాకొకరు చెప్పాలా? రోహిణీ కార్తెలో వన్‌టౌన్ సందుల్లో మూటలు దింపించిన మనిషిని. కానీ ఇనప గొట్టానికి చెమట పట్టడం, అదీ నూనె చెమట పట్టడం, యాభై రెండేళ్ల జీవితంలో ఇదే మొదలు.

ఆ అబ్బాయి చెప్పిందాంట్లో కాస్త నిజం ఉంది, కాదనను. లోపలి రాడ్డు సీలు గుండా పైకీ కిందికీ ఆడుతుంటే పలచని నూనె పొర బయటికి వస్తుంది. దాని మీద దుమ్ము అంటుకుంటుంది. అది మామూలే. మా బండిది ఆ పొర కాదు. గొట్టం మీదుగా కారి, కింది బుష్ దాకా వచ్చి, మేం మాట్లాడుతుండగానే వాళ్ల గచ్చు మీద ఒక బొట్టు పడింది. వెంటనే ఒక కుర్రాడొచ్చి ఆ బొట్టును గుడ్డతో తుడిచి వెళ్లిపోయాడు. సాక్ష్యం పోయింది.

మాది చిన్న ఏజెన్సీ. గొల్లపూడి హోల్‌సేల్ మార్కెట్లో సరుకెత్తి పటమట, కానూరు, పెనమలూరు కిరాణా కొట్లలో దించుతాం. రెండున్నరేళ్ల కిందట డీజిల్ బండి అమ్మేసి కరెంటు బండి తీసుకున్నాం. పొగ లేదు, ఖర్చు తక్కువ, ఊరికి మేలు. అన్నీ నిజమే. అయితే డీజిల్ బండిలో ఒక సదుపాయం ఉండేది. వెనక ఏది ఊడినా ఇంజన్ గోలలో వినపడేది కాదు, మనసు ప్రశాంతంగా ఉండేది. ఈ బండికి గోల లేదు. అందుకే వెనక షాక్ పోయిన రోజు నుంచి ప్రతి గుంతకూ "టక్... గడగడగడ" అని మొత్తం కథ విడమరిచి చెబుతోంది. లోడు ఉన్నప్పుడు కాస్త నయం. ఖాళీగా తిరిగొచ్చేటప్పుడైతే కప్పగంతులే.

అడ్వైజర్ అన్నాడు: "ముందు స్కానింగ్ చేయాలి సార్."

షాక్ అబ్జార్బర్‌కు స్కానింగ్! మా బండి షాక్‌కు వైరు లేదు, సెన్సరు లేదు, చిప్పు లేదు. పైనొక బోల్టు, కిందొక బోల్టు, మధ్యలో గొట్టం, గొట్టంలో నూనె, నూనెలో పిస్టన్. బరువు మోసేది కమాన్ కట్టలు, అంటే ఇనప పట్టీల స్ప్రింగులు. అవి ఎగిరినప్పుడు ఆ ఊపును పట్టి, నూనెను సన్నటి రంధ్రాల గుండా తోసి, వేడిగా మార్చి ఆపేది ఈ గొట్టం. డీజిల్ బండిలోనూ ఇదే, పాల వ్యానులోనూ ఇదే. బండి కరెంటుది కాబట్టి గొట్టానికీ చదువొచ్చిందనుకున్నారు.

సరే, ల్యాప్‌టాప్ వచ్చింది. దాంట్లో చార్జింగ్ లేదు. చార్జరు వెతికారు, దొరికింది. ప్లగ్గు వెతికారు, దొరికింది. వైరు బండి దాకా అందలేదు. ఇల్లు కదిలించలేం గనక బండిని వెనక్కి తెమ్మన్నారు. నిండా చార్జింగ్ ఉన్న కరెంటు బండి, చార్జింగ్ లేని ల్యాప్‌టాప్ కోసం గోడవారగా నిలబడి ఎదురుచూసింది. నలభై నిమిషాల తర్వాత ఫలితం వచ్చింది. బ్యాటరీ హెల్దీ, మోటారు హెల్దీ, వెహికల్ హెల్దీ. ఫాల్ట్ కోడ్ లేదు.

మా డ్రైవరు కుర్రాడికి ఒళ్లు మండింది. "బాబాయ్, ఒక్క నిమిషం" అని డెక్కు మీదికెక్కి, ఒక్క గెంతు గెంతి కిందికి దూకాడు. బండి వెనక భాగం లేచింది, పడింది, లేచింది, పడింది, మళ్లీ లేచింది. మంచి షాక్ అయితే ఒక్కసారి లేచి కుదురుకోవాలి. బండి ఇంకా ఊగుతుండగానే అడ్వైజర్ ట్యాబు చూసి "సిస్టమ్‌లో అయితే హెల్దీ అనే ఉంది సార్" అన్నాడు. కుర్రాడు మళ్లీ ఎక్కి గెంతాడు. ఇంకో అడ్వైజర్ వచ్చాడు. అతని కోసం మూడోసారి గెంతాడు. ఫ్లోర్ మేనేజరు వచ్చాడు, నాలుగోసారి. ఒకాయన సెల్‌ఫోన్లో వీడియో తీశాడు. కాంతి చాల్లేదని ఐదోసారి గెంతించాడు. మొత్తం ఐదుగురు చేతులు కట్టుకుని, ఊగుతున్న బండిని తదేకంగా చూస్తూ నిలబడ్డారు.

మన ఆటోనగర్లో దీన్ని "షాక్ అబ్జర్వర్" అంటారు. ఇంగ్లీషు రాక అలా అంటారని ఇన్నాళ్లూ నవ్వుకునేవాణ్ని. ఆ రోజు తెలిసింది, వాళ్లే కరెక్టు. ఐదుగురు షాక్ అబ్జర్వర్లను కళ్లారా చూశాను.

నాలుగు వైపుల నుంచి ఫొటోలు, ఒక వీడియో, మీటరు రీడింగు, అన్నీ హెడ్డాఫీసుకు పోయాయి. తొమ్మిదో రోజున ఫోన్: "సార్, ఎడమది అప్రూవ్ అయింది. కుడిది కాలేదు."

"ఏం?"

"కుడిది ఇంకా చెమట స్టేజీలోనే ఉంది సార్."

షాక్ అబ్జార్బర్లు జతగా మారుస్తారని ఆటోనగర్లో స్పానర్లు అందించే పిల్లాడికి కూడా తెలుసు. ఒకవైపు బిగువు, ఒకవైపు వదులు ఉంటే బ్రేకేసినప్పుడూ మలుపు తిప్పినప్పుడూ బండి ఒక్కోవైపు ఒక్కోలా ప్రవర్తిస్తుంది. కాడికి ఒక పక్క కోడెను, ఇంకో పక్క ముసలెద్దును కట్టి ఎవడైనా దున్నుతాడా? పోనీ, కుడిది డబ్బులిచ్చి కొంటానన్నాను. కొనొచ్చట. కాకపోతే రెండూ స్టాకులో లేవట. స్టేటస్ "ఇన్ ట్రాన్సిట్". ఎక్కడి నుంచి బయల్దేరిందో, ఎప్పటికి దిగుతుందో సిస్టమ్‌కు తెలీదు. బయట మార్పిస్తే మాత్రం వారంటీకి ఇబ్బందట. అది సిస్టమ్‌కు బాగా తెలుసు.

ఇక్కడ పన్నుల సంగతీ ఒక ముక్క చెప్పుకోవాలి. కరెంటు బండి మీద జీఎస్టీ 5 శాతం, 2019 ఆగస్టు నుంచి. పర్యావరణం కదా. దాని కింద వేలాడే షాక్ అబ్జార్బర్ మీద 2025 సెప్టెంబరు 21 దాకా 28 శాతం, ఆ మర్నాటి నుంచి 18. అంటే బండి మొత్తంగా షోరూమ్‌లో ఉన్నంతసేపే పర్యావరణ మిత్రుడు. విడిభాగమై అట్టపెట్టెలోకి దిగిందా, మామూలు ఇనుము.

అసలు రెండున్నరేళ్లకే ఎందుకు పోయాయని అడిగితే అడ్వైజర్ మా వైపే అనుమానంగా చూశాడు. "ఓవర్‌లోడ్ వేశారా సార్?" లేదయ్యా. మా లైనులో 34 స్పీడ్ బ్రేకర్లున్నాయి. కుర్రాడు లెక్కపెట్టాడు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్లు స్పీడ్ బ్రేకర్ ఎలా ఉండాలో ఎప్పుడో 1988లోనే రాసిపెట్టారు. వెడల్పు 3.7 మీటర్లు, ఎత్తు 10 సెంటీమీటర్లు, గంటకు 25 కిలోమీటర్ల వేగంలో నడుం విరగకుండా దాటేలా. ముందు బోర్డు, పైన నలుపు తెలుపు చారలు. మా వైపువి చూడండి. రోడ్డుకు అడ్డంగా తాటిమొద్దు పడుకోబెట్టి పైన తారు పోసినట్టుంటాయి. చార ఉండదు, బోర్డు ఉండదు. నాయకుడి ఇంటి ముందొకటి, ఆ నాయకుడంటే పడని నాయకుడి ఇంటి ముందు అంతకంటే రెండంగుళాలు ఎత్తు ఇంకొకటి. చీకట్లో అది కనపడక కుర్రాడు గట్టిగా బ్రేకేస్తే, బండిలోని యాప్ వెంటనే "హార్ష్ బ్రేకింగ్" అని పట్టుకుని డ్రైవింగ్ స్కోరు కోస్తుంది. షాక్ పోతే కనిపెట్టలేని సిస్టమ్, బ్రేకేస్తే మాత్రం కనిపెడుతుంది!

నవ్వుకున్నది చాలు. షాక్ పనిచేయకపోతే ఆ దెబ్బ గాలిలో కలిసిపోదు. కొంత సరుకు తింటుంది, కొంత చాసిస్ తింటుంది, మిగిలింది సీట్లో కూర్చున్న మనిషి వెన్నుపూస తింటుంది. మా కుర్రాడికి ఇరవై ఆరేళ్లు. చొక్కా కింద నడుం బెల్టు కట్టుకుని బండెక్కుతున్నాడు. దిగేటప్పుడు డోరు పట్టుకుని, ఒక కాలు కింద పెట్టి, కాసేపాగి, తర్వాత రెండో కాలు పెడతాడు. మా నాన్న డెబ్బై ఏళ్లప్పుడు అలా దిగేవాడు. వాడి నడుముకు ఏ హెడ్డాఫీసు అప్రూవల్ ఇస్తుంది? తాటిమొద్దు వేసి బిల్లు తీసుకున్న కాంట్రాక్టరు ఏ ఏసీ కారులో దాన్ని దాటుతున్నాడు? చెమట స్టేజీ అట! సిగ్గుండాలి. గొట్టం చెమటకు ఫొటోలు తీసి తొమ్మిది రోజులు మీటింగులు పెట్టారు, అక్కడే నిలబడి ఐదుసార్లు గెంతినవాడికి కూర్చోమని ఒక కుర్చీ వేయలేదు.

నేనేమన్నా తక్కువ తిన్నానా? పార్టు కోసం చూసిన ఐదు వారాలూ బండి ఆపలేదు. ఆపితే కిస్తీ ఎవరు కడతారు? అందుకని నడిపించాను. నడిపింది వాడు, నేను కాదు.

ఆరో వారం ఆటోనగర్‌కు పోయాం. మేస్త్రీ బండి కిందికి దూరి, బయటికొచ్చి, అడిగిన మొదటి ప్రశ్న: "బ్యాటరీ పెట్టె ఎక్కడి దాకా ఉందండీ?" చూపించాం. "దాని కింద జాకీ పెట్టకూడదు. సొట్ట పడిందంటే మనందరం అమ్ముడుపోయినా తీరదు" అని ముందు చక్రాలకు రాళ్లు పెట్టించి, జాకీ వెనక యాక్సిల్ కింద పెట్టి ఎత్తి, స్టాండ్లు వేశాడు. ల్యాప్‌టాప్ అడగలేదు. కింది నట్టు తుప్పు పట్టి బిగుసుకుపోయింది. దానికి ఆయిల్ కొట్టి, మమ్మల్ని టీకి తీసుకెళ్లి, వచ్చాక స్పానర్‌కు పైపు తొడిగి లాగాడు. "కీ" మని అరిచి వదిలింది. కొత్తవాటిని నిలబెట్టి ఐదారుసార్లు పంపు కొట్టినట్టు నొక్కి గాలి తీశాడు. బోల్టులు వదులుగా పెట్టి, చక్రాలు నేలకు దించి, బండి బరువు పడ్డాక అప్పుడు బిగించాడు. ముందే బిగిస్తే రబ్బరు బుష్ మెలిపడి చిరిగిపోతుందట. గంటన్నర.

విప్పిన పాతవి రెండూ నా చేతికిచ్చి నొక్కి చూడమన్నాడు. ఎడమది నొక్కితే, భోజనం తర్వాత గుమాస్తాలా బద్ధకంగా లోపలికి పోయింది. కుడిది, అప్రూవ్ కానిది, వేలితో తోస్తే సర్రున దిగిపోయింది. అందులో అసలు నూనే లేదు.

"ఇది ముందే పోయిందండీ," అన్నాడు మేస్త్రీ. "చెమట పట్టడానికి లోపల ఏమన్నా ఉంటేగా."

మొన్న కంపెనీ నుంచి ఫోనొచ్చింది. ఎడమ షాక్ అబ్జార్బర్ వచ్చిందట. బయట మార్పించేశానని చెప్పాను. అటువైపు అబ్బాయి కాసేపు ట్యాబులో ఏదో వెతికాడు.

"అయితే టికెట్ క్లోజ్ చేయడానికి పాతది బండికి బిగించి ఉన్న ఫొటో ఒకటి కావాలి సార్."