బొమ్మ గీసేది ఒకరు, హక్కు ఇంకొకరిది: డిస్నీ వందేళ్ల కథ

డిస్నీ కంపెనీ గురించి మాట్లాడితే ఎవరైనా మిక్కీ మౌస్‌తో మొదలుపెడతారు. ఆ కంపెనీ మనసు తెలియాలంటే మాత్రం మిక్కీకి ముందు వచ్చిన కుందేలు దగ్గరికి వెళ్లాలి. దాని పేరు ఓస్వాల్డ్. 1927లో వాల్ట్ డిస్నీ, ఆయన సహచరుడు అబ్ ఐవర్క్స్ కలిసి యూనివర్సల్ సంస్థ కోసం దాన్ని తయారుచేశారు. జనానికి నచ్చింది. 1928 మొదట్లో వాల్ట్ న్యూయార్క్ వెళ్లి, తనకూ యూనివర్సల్‌కూ మధ్యలో ఉన్న నిర్మాత చార్లెస్ మింట్జ్‌ని ఒక్కో సినిమాకు ఇంకాస్త డబ్బు ఇమ్మని అడిగాడు. పెంచే మాట అటుంచి, ఇస్తున్నదే తగ్గిస్తానన్నాడు మింట్జ్. అప్పటికే వాల్ట్ దగ్గర పనిచేసే యానిమేటర్లలో చాలామందిని తనవైపు తిప్పుకున్నాడు. కుందేలు మీద హక్కు యూనివర్సల్‌దేనని ఒప్పందంలో స్పష్టంగా ఉంది. గీసినవాళ్లకు దాని మీద ఏ హక్కూ లేదు.

వాల్ట్ వెంట మిగిలిన కొద్దిమందిలో ఐవర్క్స్ ఒకరు. మిక్కీకి రూపం ఇచ్చింది ఆయన చేయి. 1928 నవంబర్ 18న న్యూయార్క్ కాలనీ థియేటర్‌లో మిక్కీ సినిమా 'స్టీమ్‌బోట్ విల్లీ' పడింది. బొమ్మ కదలికకు, శబ్దానికి అంత చక్కగా జత కుదరడం ప్రేక్షకులకు కొత్త. ఈసారి పాత్ర మీద హక్కు వాల్ట్ తన దగ్గరే పెట్టుకున్నాడు. ఆ తర్వాత దాదాపు వందేళ్లలో కంపెనీ తీసుకున్న ప్రతి పెద్ద నిర్ణయంలోనూ ఆ న్యూయార్క్ దెబ్బ తాలూకు పాఠం నాకు కనిపిస్తుంది. ఆ పాఠాన్ని కంపెనీ తన కోసం మాత్రమే వాడుకుందన్నది నా ప్రధాన అభ్యంతరం.

ముందు ఇవ్వాల్సిన గౌరవం ఇవ్వాలి. 1930లలో ఆ స్టూడియోలో జరిగిన పని అసాధారణం. 1932లో 'ఫ్లవర్స్ అండ్ ట్రీస్' మూడు రంగుల టెక్నికలర్ అనే రంగుల సినిమా పద్ధతిలో వచ్చి, కార్టూన్ చిత్రాలకు ఇచ్చిన తొలి ఆస్కార్ అందుకుంది. ఒకదాని వెనక ఒకటిగా గాజు పలకలు పేర్చి, ఒక్కో పొరనూ వేరు వేరు వేగాలతో కదిలించే మల్టీప్లేన్ కెమెరాతో చదునైన బొమ్మకు లోతు తెచ్చారు. 1937 డిసెంబర్ 21న 'స్నో వైట్' విడుదలకు ముందు హాలీవుడ్‌లో దాన్ని డిస్నీ పిచ్చితనం అనుకున్నారు. కార్టూన్‌ని గంటన్నర కూర్చుని ఎవరు చూస్తారన్నది వాళ్ల అనుమానం. దాదాపు 15 లక్షల డాలర్ల ఖర్చుతో తీసిన సినిమా తొలి విడుదలలోనే సుమారు 80 లక్షలు తెచ్చింది. గీసిన బొమ్మ చనిపోతే హాల్లో జనం ఏడవడం అంతకుముందు లేని అనుభవం. ఈ రోజు జపాన్‌లో గానీ, హైదరాబాద్‌లో గానీ కార్టూన్ పాత్రకు బరువు, ఊపిరి, ఆలోచన ఉన్నట్టు గీయడం నేర్చుకునే పిల్లలు ఆ స్టూడియోలో కుదిరిన సూత్రాల దగ్గరే మొదలుపెడతారు. ఆ అప్పు ఎవరూ కాదనలేరు.

అయితే ఆ బొమ్మలు గీసినవాళ్ల సంగతి? 'స్నో వైట్' మీద పనిచేసిన వందల మందిలో చాలామంది పేర్లు తెర మీద పడలేదు. సెల్యులాయిడ్ షీట్ల మీద గీతలు దిద్ది రంగులు నింపింది ఎక్కువగా ఆడవాళ్లు, అదీ తక్కువ జీతాలకు. ఉద్యోగం అడిగిన ఒక యువతికి 1938లో స్టూడియో పంపిన జవాబు ఇప్పటికీ ఉంది. కార్టూన్లకు సంబంధించిన సృజనాత్మక పని ఆడవాళ్లు చెయ్యరని, అది పూర్తిగా మగవాళ్ల పనని అందులో రాశారు.

1940లో వచ్చిన 'పినోకియో', 'ఫాంటాసియా' నష్టపోయాయి. యుద్ధం వల్ల యూరప్ మార్కెట్ మూతపడింది. ఉద్యోగాలు పోతాయనే టెన్షన్ పెరిగింది. జీతాల్లో ఒక పద్ధతి లేదు, తెర మీద పేర్లు లేవు. యూనియన్ కావాలని పట్టుబట్టిన ఆర్ట్ బాబిట్‌ని 1941 మేలో తీసేశారు. గూఫీ పాత్రకు నడక, స్వభావం తెచ్చిన ప్రతిభావంతుడు ఆయన. వెంటనే సమ్మె మొదలైంది. తాము ప్రాణం పోసిన పాత్రల బొమ్మలనే ప్లకార్డుల మీద గీసుకుని కళాకారులు స్టూడియో గేటు ముందు నిలబడ్డారు. చివరికి కంపెనీ యూనియన్‌ని ఒప్పుకోక తప్పలేదు. వాల్ట్ మాత్రం దాన్ని మర్చిపోలేదు. 1947లో అమెరికన్ కాంగ్రెస్ కమిటీ ముందు ఆ సమ్మెను కమ్యూనిస్టుల పని అని సాక్ష్యం చెప్పాడు. తన పాత్ర తన చేతుల్లోంచి పోతే ఎలా ఉంటుందో అనుభవించిన మనిషి, తన దగ్గరి కళాకారుల ఆక్రోశాన్ని కుట్రగా చూశాడు. డిస్నీ చరిత్రలో నన్ను ఎక్కువగా బాధపెట్టే ఘట్టం ఇదే.

తర్వాతి విస్తరణ అందరికీ తెలిసిందే. 1955లో డిస్నీలాండ్ కట్టడానికి ఏబీసీ టీవీ డబ్బు పెట్టింది, బదులుగా వాల్ట్ ఆ ఛానల్‌కి కార్యక్రమం చేశాడు. నలభై ఏళ్లకు డిస్నీ ఆ ఏబీసీనే కొనేసింది. 2006లో యానిమేషన్ స్టూడియో పిక్సర్‌ని 740 కోట్ల డాలర్లకు తీసుకుంది. తర్వాత మార్వెల్, లూకాస్‌ఫిల్మ్, 2019లో ఫాక్స్‌లో పెద్ద భాగం వచ్చి చేరాయి. పోయిన ఓస్వాల్డ్ కూడా 2006లో తిరిగొచ్చింది. అందుకు డిస్నీ తన స్పోర్ట్స్ వ్యాఖ్యాత అల్ మైకేల్స్‌ని ఎన్‌బీసీ యూనివర్సల్‌కి వదులుకుంది. 78 ఏళ్ల తర్వాత కూడా ఒక కుందేలు బొమ్మ కోసం బేరం ఆడిందంటే, పాత్ర మీద యాజమాన్యానికి ఆ కంపెనీ ఎంత విలువ ఇస్తుందో అర్థమవుతుంది.

ఆ పట్టుదల చట్టాల దాకా వెళ్లింది. స్నో వైట్, సిండరెల్లా లాంటి కథలు ఎవరి సొత్తూ కావు. తరతరాలుగా అవ్వలు, తాతలు చెప్పుకున్నవి. వాటిని ఉచితంగా తీసుకున్న కంపెనీ, తన సినిమాలు అదే దారిలో అందరివీ అయ్యే రోజును వీలైనంత వెనక్కి నెట్టాలని చూసింది. 1998లో అమెరికా కాపీరైట్ గడువును ఇంకో 20 ఏళ్లు పెంచినప్పుడు, దాని కోసం గట్టిగా ప్రయత్నించినవాళ్లలో డిస్నీ ఉంది. అందుకే 'స్టీమ్‌బోట్ విల్లీ' అందరిదీ కావడానికి 2024 జనవరి 1 దాకా ఆగాల్సి వచ్చింది. 2025 జూన్‌లో యూనివర్సల్‌తో కలిసి అడిగిన బొమ్మను కృత్రిమ మేధతో తయారుచేసి ఇచ్చే సంస్థ మిడ్‌జర్నీ మీద డిస్నీ కేసు వేసింది. తన పాత్రలను అనుమతి లేకుండా వాడుకున్నారన్నది ఫిర్యాదు. అది న్యాయమైన ఫిర్యాదేనని నేను అనుకుంటాను. అయితే ఆ పాత్రలను చేత్తో గీసినవాళ్లకు అందులో గెలిచినా ఓడినా పెద్దగా ఒరిగేది లేదు.

మన దగ్గరికి డిస్నీ చాలా దారుల్లో వచ్చింది. 90లలో దూరదర్శన్‌లో ఆదివారం పూట 'డక్ టేల్స్'ని మన పిల్లలు హిందీలోనే చూసి ఇష్టపడ్డారు. 2011 సంక్రాంతికి 'అనగనగా ఓ ధీరుడు'తో కంపెనీ నేరుగా తెలుగు సినిమా నిర్మాణంలో అడుగుపెట్టింది, కానీ నిలబడలేదు. ఫాక్స్‌తో పాటు స్టార్ మా ఛానల్ కూడా దాని చేతికి వచ్చింది. 2024 నవంబర్‌లో భారత్‌లోని ఆ టీవీ వ్యాపారం రిలయన్స్‌తో కలిసిపోయాక డిస్నీకి దాదాపు 37 శాతం వాటా మిగిలింది. డిస్నీ సినిమా 'ముఫాసా'కి మహేశ్ బాబు గొంతు ఇచ్చినప్పుడు తెలుగు థియేటర్లలో కనిపించిన సంబరం చూస్తే, ఆ కథలు మనవైపోయాయన్నది నిజం. హక్కులు మాత్రం కాలిఫోర్నియాలోనే ఉన్నాయి.

హైదరాబాద్‌కి ఈ చరిత్ర నేరుగా తగిలేది ఇక్కడే. పాతికేళ్లుగా నగరంలో యానిమేషన్, గ్రాఫిక్స్ పని పెరిగింది. అందులో ఎక్కువ భాగం విదేశీ సంస్థలు చెప్పింది చెప్పినట్టు చేసి పంపే సర్వీసు పని. డబ్బు రావడం ఆగితే అంతా ఆగుతుంది. హైదరాబాద్‌లోనూ స్టూడియో నడిపిన రిథమ్ అండ్ హ్యూస్ 2013లో దివాలా పిటిషన్ వేసిన కొద్ది రోజులకే 'లైఫ్ ఆఫ్ పై' గ్రాఫిక్స్‌కి ఆస్కార్ గెలిచింది. అంత గొప్ప పని చేసిన సంస్థ చేతిలో ఆ సినిమా హక్కులు లేవు. రాజీవ్ చిలక స్థాపించిన గ్రీన్ గోల్డ్ ఇంకో దారి పట్టింది. 2008లో వచ్చిన ఛోటా భీమ్ సొంత పాత్ర కాబట్టి, కార్టూన్‌తో పాటు సినిమాలు, బొమ్మలు, బడి సంచుల దాకా ఆ ఆదాయం ఈ నగరానికే వస్తోంది.

తెలంగాణ ప్రభుత్వం 2016లో యానిమేషన్, గేమింగ్ రంగానికి ఇమేజ్ పేరుతో ఒక విధానం తెచ్చింది. భవనాలు, రాయితీలు మంచివే. నా దృష్టిలో ఆ ప్రోత్సాహంలో పెద్ద వాటా సొంత పాత్రలు సృష్టించి హక్కులు తమ దగ్గరే ఉంచుకునే స్టూడియోలకు దక్కాలి. దానికి ఇంకో షరతు కూడా కలపాలి: పాత్రను రూపొందించిన కళాకారుల పేరు తెర మీద ఉండాలి, అది అమ్ముడైన ప్రతిసారీ వాళ్లకు ఎంతో కొంత రాయల్టీ అందాలి. ప్రభుత్వ సొమ్ము తీసుకునే కంపెనీని ఆ మాత్రం అడగడానికి కొత్త చట్టం అక్కర్లేదు, ఒప్పందంలో రెండు నిబంధనలు చేరిస్తే చాలు.