ఆరడుగుల తొట్టిలో ఎవరెవరు ఉండాలి?

తొట్టి పొడవు ఆరడుగులు, వెడల్పు రెండు, ఎత్తు రెండు. లెక్క కడితే 680 లీటర్లు. ఇసుక, కొయ్య, రాళ్ళు పోగా నీళ్ళు 580 దాకా పడతాయి. వెనక వరసలో వాలిస్నేరియా చిక్కగా లేచింది, కొయ్యను అనూబియాస్, జావా ఫెర్న్ పట్టుకున్నాయి, ముందు క్రిప్టోకోరైన్. మొక్కలు కుదురుకున్నాయి గానీ చేపలింకా లేవు. ఏ చేపలు వేయాలన్న దగ్గరే అక్కకీ తమ్ముడికీ పొసగలేదు. ఇద్దరి మాటా ఇదిగో. మధ్యలో బ్రాకెట్లలో వచ్చేవి నా మాటలు.

తమ్ముడు: ఇంత తొట్టి పెట్టుకుని రెండు మూడు రకాలతో సరిపెట్టుకోవడం ఏంటక్కా? నా జాబితా విను. ఏంజెల్ ఫిష్ ఆరు, నియాన్ టెట్రాలు నలభై, టైగర్ బార్బ్‌లు పది, బాలా షార్క్‌లు నాలుగు, పాచి తినడానికి ఒక ప్లెకో, కాసిని గప్పీలు. కావలసినంత చోటుంది, ఎవరి మూల వాళ్ళది.

అక్క: నువ్వు ఈ రోజు సైజు చూసి రాశావు. బాలా షార్క్ కొనేటప్పుడు వేలెడంతే, ఎదిగితే అడుగు. ఉలిక్కిపడిందంటే ఈ చివర్నుంచి ఆ చివరకి దూసుకుపోయి అద్దానికి కొట్టుకుంటుంది. మామూలు ప్లెకో 40 సెంటీమీటర్లు పెరుగుతుంది, ఆ ఒళ్ళు వేసుకుని క్రిప్టోకోరైన్‌ల మధ్య తిరిగితే వేళ్ళు నిలుస్తాయా? టైగర్ బార్బ్‌కి ఎదుటి చేప రెక్క పొడుగ్గా కనిపిస్తే చాలు, కొరుకుతుంది. దాని పక్కనే ఏంజెల్‌నీ గప్పీనీ పెట్టావు. ఇక నియాన్ మూడు సెంటీమీటర్ల సన్నటి చేప. ఎదిగిన ఏంజెల్‌కి అది తోటి చేప కాదు, మేత.

తమ్ముడు: సరే, షార్క్‌లు, ప్లెకో, బార్బ్‌లు కొట్టేయ్. నియాన్‌లూ, గప్పీలూ పోనీ. కానీ ఒక్క మాట ఒప్పుకో. చిన్న తొట్టిలో ఒక చేప ఇంకోదాన్ని తరిమితే పారిపోయే దారుండదు, ఇక్కడ ఉంటుంది. కొయ్య అడ్డం ఉంది, వాలిస్నేరియా తెరలా ఉంది. తరిమేదానికి తరిమించుకునేది కనపడకపోతే అక్కడితో ఊరుకుంటుంది. పెద్ద తొట్టి, చిక్కటి మొక్కలు ఉన్నాయంటేనే పోట్లాట సగం తగ్గినట్టు.

అక్క: అది నిజం, కాదనను. కానీ పోట్లాట లేనంత మాత్రాన పొత్తు కుదిరినట్టు కాదు. ఒకదానికి కావలసిన వేడి ఇంకోదానికి పడాలి. డిస్కస్ చేపకి 28 నుంచి 30 డిగ్రీలు కావాలి, నియాన్ 25 దాటితే సుఖంగా ఉండదు. రెండూ ఒకదాన్నొకటి ముట్టుకోకపోయినా ఒకే తొట్టిలో ఏదో ఒకటి నలిగిపోతుంది. అందుకే నా లెక్క చిన్నది. కార్డినల్ టెట్రాలు వంద, అడుగున తిరిగే కోరీ చేపలు పదిహేను, అంతే. మొక్కల తొట్లకి పేరుపడ్డ జపాన్ కళాకారుడు తకాషి అమానో 2015లో లిస్బన్ ఓషనేరియంలో నలభై మీటర్ల పొడవున, 1,60,000 లీటర్లతో నీటి అడవి కట్టాడు. అంత చోటున్నా చూపు నిలిచేది చిన్న చేపల పెద్ద గుంపుల మీదే. నాలుగు రకాలు తలా ఐదేసి వేస్తే గుంపు ఎక్కడ కనపడుతుంది? అంగట్లో సరుకు పేర్చినట్టు ఉంటుంది.

తమ్ముడు: వంద కార్డినల్‌లు అందంగా ఉంటాయి, సందేహం లేదు. కానీ ఎక్కడివవి? అమెజాన్‌లో కలిసే రియో నీగ్రో నదివి. అక్కడి నీళ్ళు టీ డికాషన్ రంగులో, ఖనిజాలు దాదాపు లేకుండా, ఆమ్ల గుణంతో ఉంటాయి. నిన్న మనం కొలిచిన నీళ్ళు గుర్తున్నాయా? పీహెచ్ 7.6, కాఠిన్యం 14 డిగ్రీలు. అంటే క్షార గుణం, ఖనిజాలు నిండిన కఠిన జలం. చేపకన్నా ముందు నీళ్ళు చూడమని నాకు నేర్పింది నువ్వే కదా.

(ఇక్కడ అక్క కాసేపు మాట్లాడలేదు. దుకాణంలో రంగు చూసి చేపను కొని, తర్వాత నీళ్ళను దానికి తగ్గట్టు మార్చడానికి తిప్పలు పడే పద్ధతి మీద నాకు కోపం. తమ్ముడి మాట అక్కకే కాదు, చాలామందికి తగలాలి.)

అక్క: ఫారంలో పుట్టి పెరిగిన టెట్రాలు ఇలాంటి నీళ్ళకి కొంతవరకు అలవాటు పడతాయి. అయితే కార్డినల్‌లలో నదిలోంచి పట్టి పంపేవీ ఉంటాయి. వాటి కోసం ఖనిజాలు తీసేసిన ఆర్వో నీళ్ళు కలపాలంటే, వారం వారం పావు వంతు మార్చినా 145 లీటర్లు. పీహెచ్ తగ్గించే మందు పోస్తే ఆ పూటకి దిగుతుంది, నీళ్ళలో కార్బనేట్ ఉన్నంతకాలం మళ్ళీ ఎక్కుతుంది. అలా ఎక్కుతూ దిగుతూ ఉండటం నిలకడైన 7.6 కన్నా చేటు. సరే, కార్డినల్ వద్దు.

తమ్ముడు: అయితే రైన్‌బో చేపలు వేద్దాం. బోసెమాని రైన్‌బో పపువాలోని అయమారు సరస్సుల ప్రాంతంది, దాని సొంత నీళ్ళే కఠిన జలం. 24 నుంచి 27 డిగ్రీలు చాలు, ఆ వేడి మన మొక్కలకీ పడుతుంది. పది సెంటీమీటర్ల చేప, ముందు సగం ఉక్కు నీలం, వెనక సగం నారింజ. పొద్దున దీపం వెలిగిన కాసేపటికి మగవి రెండు పక్కపక్కన చేరి రెక్కలు విప్పుతాయి. నుదుటి మీద తెల్లటి చార ఒకటి వెలుగుతుంది, ఆరుతుంది, మళ్ళీ వెలుగుతుంది. పోటీ పడతాయి గానీ ఒకదాన్నొకటి గాయపరచుకోవడం అరుదు.

అక్క: ఆ చారను నేనూ చూశాను, నీకెంత ఇష్టమో నాకూ అంతే. ఈదడానికి పొడవు కావాలి వాటికి, ఇక్కడుంది. లేత చిగుళ్ళు కాస్త కొరికినా అనూబియాస్, జావా ఫెర్న్ జోలికి పెద్దగా పోవు. కానీ బోసెమాని రకం ఒక్కటే. నువ్వు వెంటనే ఇంకో మూడు రకాల రైన్‌బోలు అంటావు. ఒక జాతివి ఇంకో జాతితో సులువుగా కలుస్తాయి, పిల్లలకి ఏ రంగూ నిండుగా రాదు. వాటి సొంత చోట ఇప్పటికే ముప్పులో ఉన్న చేప అది, కనీసం తొట్టిలోనైనా జాతిని చెడగొట్టకు.

తమ్ముడు: ఒక్కటే, ఒప్పుకున్నా. పదహారు. ఆడవి కాస్త ఎక్కువ. ఇప్పుడు ఏంజెల్ సంగతి తేల్చు. టెట్రాలు పోయాయి కాబట్టి మింగే బెడద లేదు. ఫారం ఏంజెల్ మన నీళ్ళకి తట్టుకుంటుంది. రెండడుగుల లోతు దాని ఎత్తుకి సరిపోతుంది. ఇంకేం అడ్డం?

అక్క: తిండి వేసిన క్షణం ఊహించు. పదహారు రైన్‌బోలు పైకి దూసుకొస్తాయి, అర నిమిషంలో పలుకు మిగలదు. ఏంజెల్ ఆగి, చూసి, మెల్లగా నోరు తెరిచే చేప. అది ఆకలితో చావదు గానీ ఎప్పుడూ వెనకపడుతుంది, రోజంతా చుట్టూ ఆ పరుగులతో బెదురుతుంది. జత కట్టాక ఇంకో కథ. వెడల్పాటి ఆకు మీదో కొయ్య మీదో గుడ్లు పెట్టి రెండూ కాపలా కాస్తాయి. అప్పటిదాకా బెదిరిన చేపే సగం తొట్టిని తనదంటుంది.

తమ్ముడు: తిండి రెండు చివరలా ఒకేసారి వేస్తే? రైన్‌బోలు ఒక చివర ఉండగా ఇంకో చివర మునిగే పలుకులు వేస్తే? చాలామంది ఈ రెండు చేపల్నీ కలిపి పెంచుతున్నారు. వెనకపడుతుందన్నది నీ భయం.

అక్క: రోజుకి రెండు పూటలా, ఏళ్ళ తరబడి, ఇంట్లో నువ్వు లేనప్పుడు కూడా అలా ఎవరు వేస్తారు? మన చేతి సాయం మీద నిలబడే పొత్తు నాకు వద్దు.

(ఇద్దరిలో నేను అక్క వైపే. తమ్ముడి కిటుకు పనిచేస్తుంది, కానీ పనిచేయని పూట నష్టం చేపకి.)

తమ్ముడు: దీని మీద నేను తగ్గను. తర్వాత తేల్చుకుందాం. కోరీలు?

అక్క: కంచు రంగు కోరీలు పన్నెండు. మన నీళ్ళకి సర్దుకుంటాయి, అడుగున తిరుగుతాయి, ఎవరి జోలికీ పోవు. ఇసుక మెత్తగా ఉండాలి, అడుగున మురికి పేరుకోకూడదు, లేకపోతే మీసాలు అరిగిపోతాయి. ఉన్నట్టుండి పైకి దూసుకెళ్ళి గాలి మింగి వస్తే కంగారు పడకు, అది వాటి అలవాటు. అన్నీ పదే పదే వెళ్తుంటే మాత్రం నీళ్ళలో ఆక్సిజన్ తక్కువైందేమో చూడు.

తమ్ముడు: మొక్కలకి కార్బన్ డయాక్సైడ్ ఇస్తున్నాం కదా, దానివల్లా?

అక్క: కావచ్చు. లీటరుకి 30 మిల్లీగ్రాములకి మించనివ్వకు, దీపంతో పాటే ఆపేయి. రాత్రి మొక్కలు కూడా ఆక్సిజన్ వాడుకుంటాయి, పరుగుల చేపలకి అది ఎక్కువ కావాలి. ఫిల్టర్ నీళ్ళు పైపొరను కదిలించేలా తిప్పు.

తమ్ముడు: అన్నీ ఒకేసారి తెచ్చేద్దాం. మొక్కలు ఇంత పెరిగాయి, చేపలు వదిలే అమ్మోనియాను అవే లాగేస్తాయి.

అక్క: కొంత లాగేస్తాయి, ఖాళీ తొట్టి కన్నా మనం మెరుగే. అయినా ముందు కోరీలు, అమ్మోనియా నుంచి పుట్టే విషం నైట్రైట్ సున్నా దగ్గరే నిలిచిందని చూశాక రైన్‌బోలు. ప్రతి జట్టూ మూడు నాలుగు వారాలు వేరే తొట్టిలో. ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలు వస్తే అక్కడే మందు వేయొచ్చు. ఇంత పెద్ద తొట్టిలోకి ఆ జబ్బు దిగితే మొక్కలకి చేటు లేకుండా మందు వేయడం కష్టం.

తమ్ముడు: మరి పాచి తినడానికి ఒటోసింక్లస్ చేపలు?

అక్క: అన్నిటికన్నా ఆఖరున, ఆకుల మీద పలచటి పాచి నిలిచాక. అవి ఎక్కువగా నదిలోంచి పట్టి తెచ్చేవే, దారిలో ఆకలికి మాడిపోయి వస్తాయి. దుకాణంలో అద్దానికి అతుక్కుని ఉన్నప్పుడు కడుపు వైపు నుంచి చూడు. గుండ్రంగా నిండి ఉన్నదాన్ని తీసుకో, లోపలికి పీక్కుపోయి ఉంటే వదిలేయ్. ఎనిమిది చాలు.

తమ్ముడు: ఎనిమిది ఒటోలు, పన్నెండు కోరీలు, పదహారు రైన్‌బోలు. ఏంజెల్ ఆరు, ప్రస్తుతానికి పెన్సిల్‌తో రాస్తున్నా.

అక్క: పెన్సిల్‌తోనే రాయి.