బిల్లు ముందు వాళ్లకు, తర్వాత పార్లమెంటుకా?

పదిహేడు గంటల బేరసారాల తర్వాత 2015 జులై 13, సోమవారం ఉదయం బ్రస్సెల్స్‌లో యూరో దేశాధినేతలు విడుదల చేసిన ప్రకటనలో అందరి కళ్లూ గ్రీసుకిచ్చే, 8,600 కోట్ల యూరోల దాకా ఉండే కొత్త అప్పు మీదే పడ్డాయి. అసలు చదవాల్సిన వాక్యం వేరే ఉంది. ముఖ్యమైన రంగాల్లో గ్రీసు ప్రభుత్వం తయారుచేసే ప్రతి బిల్లునూ ముందు రుణదాత సంస్థలకు చూపించి ఒప్పించుకోవాలి. ఆ తర్వాతే దాన్ని ప్రజాభిప్రాయానికో, పార్లమెంటుకో పంపాలి! అప్పిచ్చినవాళ్లు లెక్కలు అడగవచ్చు. చట్టసభ కంటే ముందు బిల్లు చదివి తలూపే అధికారం వారికి ఎవరిచ్చారు?

గ్రీసు లోటు లెక్కలు దాచిన మాట నిజం. మిగతా యూరో దేశాలకూ ఓటర్లున్నారు, వారి డబ్బుకు భరోసా కావాలి. ఒప్పుకొంటాం. అయితే ఇక్కడ జరిగింది భరోసా తీసుకోవడం కాదు.

మెడ ఎలా వంచారో చూడండి. గ్రీసు ప్రభుత్వ బాండ్లను తనఖాగా తీసుకోబోమని యూరోపియన్ సెంట్రల్ బ్యాంకు (ఈసీబీ) ఫిబ్రవరి 4న ప్రకటించింది. దాంతో అక్కడి బ్యాంకులు ఎక్కువ వడ్డీకి సొంత కేంద్ర బ్యాంకు ఇచ్చే అత్యవసర నిధుల మీద పడ్డాయి. ఆ నిధుల గరిష్ఠ పరిమితి మళ్లీ ఈసీబీ పాలకమండలి చేతిలోనే ఉంది. మూడింట రెండొంతుల మంది కాదంటే నిధులు ఆగిపోతాయి. రుణదాతల షరతులపై గ్రీసు ప్రధాని సిప్రాస్ రెఫరెండం ప్రకటించగానే, జూన్ 28న ఆ పరిమితిని సుమారు 8,900 కోట్ల యూరోల దగ్గరే ఆపేశారు. జనం డబ్బు తీసుకుంటూనే ఉన్నారు, కొత్త నగదు రాదు. మర్నాడు బ్యాంకులు మూతపడ్డాయి, ఏటీఎంలో రోజుకు 60 యూరోలే. అయినా జులై 5న 61 శాతం మంది ‘వద్దు’ అన్నారు. ఆ మర్నాడే బ్యాంకులు పెట్టే తనఖాల విలువలో ఈసీబీ కోత పెంచింది, అంటే అదే తనఖాకు తక్కువ నగదు. ఒక్కటీ నిబంధనలకు విరుద్ధం కాదట!

ఇప్పుడు ఈ ప్రకటన ప్రకారం జులై 15, బుధవారంలోగా వ్యాట్, పింఛన్ల చట్టాలు, లక్ష్యం తప్పితే దాదాపు దానంతటదే ఖర్చు కోసే ఏర్పాటు. 22లోగా కొత్త సివిల్ ప్రొసీజర్ కోడ్. ఏ పార్లమెంటరీ కమిటీ తొమ్మిది రోజుల్లో దాన్ని చదవగలదు? రుణదాతలతో ఫిబ్రవరిలో కుదిరిన ఒప్పందానికి విరుద్ధంగా ఇదే సభ చేసిన చట్టాలను సైతం, పేదల సహాయ చట్టం మినహా, తిరగదోడాలట. ‘వద్దు’ అనమని అడిగి ఎనిమిదో రోజున అంతకంటే కఠినమైన షరతులకు తలొగ్గిన సిప్రాస్‌కూ ఇందులో వాటా ఉంది.

2011లో ఈసీబీ ఇటలీకి రహస్య లేఖ రాసి ఏ చట్టాలు తేవాలో చెప్పింది. మూడు నెలల్లో ప్రజలెన్నుకోని ఆర్థికవేత్త మోంటీ ప్రధాని అయ్యారు. అదే నెల గ్రీసులో రెఫరెండం అన్న ప్రధాని పాపండ్రూ దిగిపోయి, ఈసీబీ మాజీ ఉపాధ్యక్షుడు పాపడెమోస్ వచ్చారు. నాడు చాటుగా సాగిన పెత్తనం నేడు అధికారిక ప్రకటనకెక్కింది. రేపు మరో దేశం అప్పు అడిగితే అధికారులు ఈ వాక్యాన్నే ముందుంచుతారు. ఈ షరతులు బిగించిన యూరోగ్రూప్, అంటే యూరో దేశాల ఆర్థిక మంత్రుల బృందం, యూరోపియన్ యూనియన్ ఒప్పందాల ప్రకారం అనధికారిక సమావేశం మాత్రమే. అక్కడ ఎవరేమన్నారో చెప్పే మినిట్స్ కూడా బయటికి రావు.

జర్మనీలో మాత్రం అక్కడి పార్లమెంటు బుండెస్టాగ్ అనుమతి లేనిదే ఈ అప్పుపై చర్చలైనా మొదలు కావు. బడ్జెట్‌పై సభకున్న ఆ హక్కును అక్కడి రాజ్యాంగ న్యాయస్థానమే పదేపదే కాపాడింది. జులై 17, శుక్రవారం ఆ హక్కును దర్జాగా వాడుకోబోయే సభ్యులు, ఓటేసే ముందు ఆ ఒక్క వాక్యాన్ని సభలో బిగ్గరగా చదవాలి. తమ సభకు అదే షరతు పెడితే ఒప్పుకొంటారా? ఒప్పుకోనివారు దాన్ని ఏథెన్స్ నెత్తిన రుద్దడానికి సిగ్గుపడాలి.