పరిపూర్ణ క్రియకు చేతికర్ర

ఒక కార్యాలయానికి నేను రాసుకున్న మూడు వినతిపత్రాలకూ కలిపి ఒకే వాక్యంలో జవాబు వచ్చింది: ‘యువర్ మ్యాటర్ హాజ్ బీన్ లుక్‌డ్ ఇంటూ.’ పైన తేదీ, కింద సంతకం కావచ్చునని తోచే ఒక గీత, నడుమ ఈ ఆరు మాటలు. మొదటిసారి ఆనందంతోనూ, రెండోసారి అనుమానంతోనూ చదివి, మూడోసారి వ్యాకరణం పుస్తకం పక్కన పెట్టుకుని చదివాను. చూసింది ఎవరంటే కర్త లేడు. ఎప్పుడు చూశారంటే, ప్రెజెంట్ పర్ఫెక్ట్ పక్కన ‘నిన్న’ అని గానీ ‘పోయిన మంగళవారం’ అని గానీ రాయడం తప్పని బడిలోనే నేర్పుతారు కనుక, రోజు దాచిపెట్టినందుకు ఆ గుమాస్తాను తప్పుపట్టడానికి లేదు. అది ఆయన బద్ధకం కాదు, వ్యాకరణ నిష్ఠ. చూసి ఏం తేల్చారంటే, వాక్యం కొసన నిలబడిన ‘ఇంటూ’ తాను లోపలికి తొంగిచూసిన మాట నిజమేననీ, లోపల ఏముందో చెప్పడం తన పరిధిలోకి రాదనీ మర్యాదగా తప్పుకుంటోంది.

ఆనాటి నుంచి పర్ఫెక్ట్ టెన్సు మీద నాకు గౌరవం పెరిగింది, నమ్మకం తగ్గింది. ఆ పేరుకు లోపం లేనిదని అర్థం కాదనీ, లాటిన్ మూలాన్ని బట్టి ‘పూర్తయినది’ అని మాత్రమే అర్థమనీ పండితులు సర్దిచెబుతారు. సరే, పూర్తయిందనే అనుకుందాం. పూర్తయిన పని తన కాళ్ళ మీద తాను నిలబడక, అడుగడుక్కీ ఒక ప్రిపొజిషన్‌ను చేతికర్రగా పట్టుకుని నడవడం ఎందుకో, కర్ర మార్చినప్పుడల్లా మనిషే మారిపోవడం ఎందుకో విచారించవలసిన అవసరం ఉన్నది.

‘లుక్’ అనే క్రియనే తీసుకోండి. ఒంటరిగా ఉన్నంతసేపు దానికి చూడడం తప్ప మరో పాపం తెలియదు. అదే ‘లుక్‌డ్’ అనే పార్టిసిపుల్ రూపం దాల్చి, ‘హాజ్ బీన్’ వెనక చేరి, కొసన ఒక చిన్న మాటను తగిలించుకుందంటే, ఒక మనిషి తలరాత దాని చేతిలోకి వెళ్ళిపోతుంది. కొసన ‘ఫర్’ ఉంటే ఆ పెద్దమనిషి కోసం వెతికారు. ‘ఆఫ్టర్’ ఉంటే కంటికి రెప్పలా చూసుకున్నారు. ‘అట్’ ఉంటే చూసి ఊరుకున్నారు. ‘డౌన్ ఆన్’ ఉంటే చిన్నచూపు చూశారు. ‘ఓవర్’ ఉంటే ఆయనను ఆసాంతం పరిశీలించారన్న మాట. అదే ‘ఓవర్’ వెనక నుంచి లేచి ముందుకు వచ్చి క్రియకు అతుక్కుని ‘ఓవర్‌లుక్‌డ్’ అయిందో, అటువంటి వాడు ఒకడు ఉన్నాడన్న సంగతే ఎవరికీ తట్టలేదన్న మాట. ప్రమోషన్ కోసం ఎదురుచూసే ఉద్యోగి ఫైలు మీద ఈ రెండు ముక్కలూ ఏ వరసలో పడతాయన్న దాని మీదనే అతని సంసారం ఆధారపడి ఉంటుంది. (‘లుక్‌డ్ ఓవర్’లో ఉన్నది ప్రిపొజిషన్ కాదు, అడ్వర్బ్ అని లేచి నిలబడే పండితులు ఉంటారు. వారి మాట నిజమే. ఆ తేడా వల్ల ఆ ఉద్యోగికి ఒరిగేది మాత్రం ఏమీ లేదు.)

ఈ చేతికర్రల వల్ల నేను స్వయంగా తగిలించుకున్న దెబ్బ ఒకటి ఉంది. ఒక ఇంటర్వ్యూలో, లండన్ ఎప్పుడైనా చూశారా అని అడిగితే ‘ఐ హావ్ గాన్ టు లండన్’ అని నిబ్బరంగా చెప్పాను. అడిగినాయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని నా కుర్చీ వైపు చూశారు. ఆ వాక్యం ప్రకారం నేను లండన్ వెళ్ళి ఇంకా తిరిగి రాలేదు. కాబట్టి ఆయన ఎదుట కూర్చున్నది నేను కాను. ఎదుట కూర్చుని ఆ మాట అనగలిగే అర్హత దయ్యానికి మాత్రమే ఉంది. లేదా తలుపుకు అంటించి వెళ్ళిన చీటీకి ఉంది. వెళ్ళి, వచ్చి, బతికి ఉన్నవాడు ‘బీన్ టు’ అనాలట. ఇందులోని విడ్డూరం ఏమిటంటే, ‘ఐ యామ్ టు లండన్’ అని ఎవరూ అనరు, ‘ఐ వాజ్ టు లండన్’ అని కూడా అనరు. కదలకుండా ‘ఉండడం’ మాత్రమే తెలిసిన క్రియకు పర్ఫెక్ట్‌లోకి అడుగుపెట్టగానే కాళ్ళు మొలిచి, ‘టు’ అనే కర్ర పట్టుకుని ఊళ్ళు తిరిగి రావడం చేతనవుతుంది. మనం ‘వెళ్ళొచ్చాను’ అనే ఒక్క మాటతో టికెట్టు, తిరుగు టికెట్టు రెండూ చూపించి కూర్చుంటాం. ఆ ఉద్యోగం నాకు రాలేదని వేరే చెప్పనక్కరలేదు. నేను అక్కడ లేను కదా.

అసలు ‘హావ్’ అనేదే ఆస్తి వ్యవహారం. ప్రాచీన ఆంగ్లంలో ఇది ‘రాసిన ఉత్తరం నా దగ్గర ఉంది’ అన్న అర్థంలో మొదలై, మాటల వరస మారి, ‘ఉత్తరం రాసేశాను’ అన్న అర్థానికి చేరింది. ఉత్తరం మీద యాజమాన్య హక్కును నేను కాదనను. కానీ వెళ్ళడాన్నీ, రావడాన్నీ ఎవరు ఏ పెట్టెలో పెట్టి తాళం వేసుకుంటారు? ఇంగ్లీషు వారికి కూడా ఇది కొంత ఎబ్బెట్టుగా తోచిందో ఏమో, అటువంటి క్రియల దగ్గర శతాబ్దాల పాటు ‘బి’నే ఎక్కువగా వాడుకున్నారు, ‘హి ఈజ్ గాన్’ అన్న మాటలో ఆ పాత సిగ్గు ఇప్పటికీ మిగిలే ఉంది.

ప్రిపొజిషన్ చేతికర్ర అయితే, కంజంక్షన్ రెండు వాక్యాల కాళ్ళను కలిపి కట్టే తాడు. రెండు పనుల్లో ముందు జరిగిన దానికి పాస్ట్ పర్ఫెక్ట్ వాడాలని నాకు బడిలో చెప్పారు. నేను దానిని నమ్మి కొన్నేళ్ళు ప్రశాంతంగా బతికాను. ఆ తరువాత ‘హి లెఫ్ట్ బిఫోర్ ఐ హాడ్ ఫినిష్డ్’ అనే వాక్యం ఎదురైంది. ఇందులో ముందు జరిగింది ఆయన లేచి వెళ్ళిపోవడం. దానికి దక్కింది ఉత్త పాస్ట్. నా ఉపన్యాసం ముగియడం ఆ తరువాతి సంగతి, అసలు ముగిసిందో లేదో కూడా ఆ వాక్యం చెప్పదు. పర్ఫెక్ట్ పట్టాభిషేకం మాత్రం దానికే. పూర్తికాని పనికి పూర్తయిన పని యూనిఫాం తొడిగిన ఘనత ‘బిఫోర్’ది. ఇదే చోట తెలుగు ‘నేను ముగించక ముందే’ అంటుంది. ముగించలేదన్న నిజాన్ని క్రియ చేతనే ఒప్పిస్తుంది.

‘సిన్స్’ సంగతి ఇంకా ఘోరం. ప్రిపొజిషన్‌గా, కంజంక్షన్‌గా, అడ్వర్బ్‌గా అది ఏకకాలంలో మూడు ఉద్యోగాలు చేస్తోంది. కంజంక్షన్ ఉద్యోగంలోనైతే ‘అప్పటి నుంచి’, ‘కాబట్టి’ అని రెండు జీతాలు కూడా తీసుకుంటోంది. ‘సిన్స్ షి లెఫ్ట్, హి హాజ్ బీన్ సింగింగ్’ అన్నప్పుడు, ఆవిడ వెళ్ళిన నాటి నుంచి ఆయన పాడుతున్నాడా, వెళ్ళిపోయింది కాబట్టి పాడుతున్నాడా అన్నది తేలదు. ఒక దానికి సానుభూతి తెలపాలి, రెండో దానికి దూరంగా ఉండాలి. ‘ఫర్’ చేసే ఇటువంటి పనులను స్థలాభావం చేత వదిలేస్తున్నాను. అయితే న్యాయంగా మాట్లాడితే మన ‘నుంచి’ కూడా తక్కువది కాదు. ‘సోమవారం నుంచి’ అన్నా, ‘పదేళ్ళ నుంచి’ అన్నా అదే పలుకుతుంది కనుక, దానిని నమ్మి మనం ‘ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ టెన్ ఇయర్స్’ అంటాం. ఏడు మాటల్లో రెండు తప్పులు, పదేళ్ళ అనుభవం. ఇక ‘వెళ్ళి, కలిసి, మాట్లాడి వచ్చాను’ అనే చోట మన క్త్వార్థకం, అంటే ‘వెళ్ళి’, ‘కలిసి’ వంటి రూపం, ఒక్క కంజంక్షన్‌కూ పని చెప్పకుండా గడుపుకొస్తుంది. కంజంక్షన్ల నిరుద్యోగానికి మనమే కారణమని రేపు ఎవరైనా ఆరోపిస్తే నా దగ్గర జవాబు లేదు.

ఈ చేతికర్రలను క్రమశిక్షణలో పెట్టాలని చూసిన మహానుభావులు ఇంగ్లీషులోనూ ఉన్నారు. వాక్యం కొసన ప్రిపొజిషన్‌ను వదిలేయడం లోపమని 1672లో కవి జాన్ డ్రైడెన్, అప్పటికి ఎన్నడో కన్నుమూసిన నాటకకర్త బెన్ జాన్సన్ పద్యపాదాన్ని ఎత్తిచూపాడు. ఆ పాదం ‘ఫ్రైటెడ్ ఫ్రమ్’ అని ముగుస్తుంది. పార్టిసిపుల్, వెనక కర్ర. పరాయివాడి మీద మొదలైన ఈ శుద్ధి తన మీదికీ వచ్చి, తన పాత గద్యాన్ని 1684లో మళ్ళీ అచ్చువేసినప్పుడు కొసల్లో వేలాడే ప్రిపొజిషన్లను డ్రైడెన్ స్వయంగా ఏరి ముందుకు జరిపాడు. 1762లో రాబర్ట్ లౌత్, తరువాత లండన్‌కు బిషప్ అయిన పండితుడు, ఇదే అలవాటును గురించి రాస్తూ ఇంగ్లీషు భాష దీనికి గట్టిగా మొగ్గి ఉంటుందని అన్నాడు. ఆ మాటను ఆయన ‘ఇంక్లైన్డ్ టు’ అని, కర్రను సరిగ్గా కొసనే నిలబెట్టి ముగించాడు. అది చమత్కారమా, పొరపాటా అన్న దాని మీద వాదించే ఓపిక నాకు లేదు, చమత్కారమనే నమ్మదలచుకున్నాను.

ఈ పాండిత్యమంతా పోగేసుకున్నాక, కార్యాలయానికి నాలుగో ఉత్తరం రాశాను. ‘యువర్ లెటర్ హాజ్ బీన్ లుక్‌డ్ అట్’ అని ఒక్క వాక్యం. కర్తను రాయలేదు, రోజు రాయలేదు, ‘ఇంటూ’కు బదులు ‘అట్’ పెట్టడంలోని అవమానం వారికి తగలకపోదని రెండు రాత్రులు సంతోషించాను.

జవాబు ఈసారి త్వరగానే వచ్చింది. అచ్చు వేయించి పెట్టుకున్న పత్రం అది. ‘యువర్ లెటర్ హాజ్ బీన్ ఫార్వర్డెడ్ టు’ అని ఉంది. ‘టు’ తరువాత చేత్తో నింపడానికి విడిచిన చుక్కల గీత ఉంది. గీత మీద ఏమీ రాయలేదు.