బతికున్న స్వరకర్తల బెడద

సంగీతానికి నేడు దాపురించిన అతి పెద్ద ముప్పు బతికున్న స్వరకర్త. పోయిన స్వరకర్త ఎంత మర్యాదస్థుడో ఆలోచించండి. సాధన జరుగుతుంటే వచ్చి ముందు వరుసలో కూర్చోడు. పారితోషికం అడగడు. ఆహ్వానపత్రికలో తన పేరు చిన్నగా పడిందని కార్యదర్శికి ఫోను చేయడు. పాశ్చాత్య సంగీతంలో హైడన్ 68 క్వార్టెట్లు, అంటే నలుగురు కలిసి వాయించే రచనలు, బేతోవెన్ 16 రాసిపెట్టి కిమ్మనకుండా వెళ్ళిపోయారు. రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లో చేతబట్టిన ఏ నలుగురికైనా జన్మంతా సరిపోయే సరుకు అది.

ఇంత సదుపాయం ఉండగా శాన్‌ఫ్రాన్సిస్కోలోని క్రోనోస్ క్వార్టెట్ అనే నలుగురి బృందం యాభై ఏళ్ళకు పైగా చేస్తున్న నిర్వాకం చూడండి. పనిగట్టుకుని బతికున్నవాళ్ళను వెతికి, వాళ్ళ చేత కొత్తవి రాయించుకుంటోంది. ఇప్పటికి వెయ్యికి పైగా రాయించింది.

దీనికి మూలం రేడియో. 1973లో డేవిడ్ హారింగ్టన్ అనే యువ వయొలిన్ కళాకారుడు జార్జ్ క్రంబ్ రాసిన 'బ్లాక్ ఏంజెల్స్' విన్నాడు. వియత్నాం యుద్ధకాలంలో, 1970లో పుట్టిన రచన అది. దాన్ని వాయించేవాళ్ళు గాజు గ్లాసుల అంచుల మీద కమాను లాగుతారు, తంత్రులకు విద్యుత్తు తగిలిస్తారు, రకరకాల భాషల్లో అంకెలు అరుస్తారు. బుద్ధిమంతుడైతే రేడియో కట్టేసి పడుకునేవాడు. ఇతడు సియాటిల్‌లో బృందం పెట్టాడు, తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కో చేరిన క్రోనోస్ అదే.

బృందం తొలిసారి రాయించుకున్న రచనకు కెన్ బెన్షూఫ్ అనే స్వరకర్తకు ముట్టింది ఒక సంచీడు డోనట్లు. ఈ ఒక్క విషయంలో వాళ్ళను మెచ్చుకోక తప్పదు, ఎందుకంటే ఇది మన సభా సంప్రదాయానికి చాలా దగ్గర. శాలువా, జ్ఞాపిక, నాలుగు మంచి మాటలు. శాలువా కన్నా డోనట్లే నయం, కనీసం తినవచ్చు అని కళాకారులెవరైనా గొణిగితే అది వారి సంస్కార లోపం. కానీ క్రోనోస్ అక్కడ ఆగలేదు. తర్వాత డబ్బే ఇవ్వసాగింది. చెడ్డ అలవాట్లు ఇలాగే ముదురుతాయి.

1983లో మోర్టన్ ఫెల్డ్‌మన్ అనే స్వరకర్త వీళ్ళ కోసం తన రెండో క్వార్టెట్ రాశాడు. పూర్తిగా వాయిస్తే సుమారు ఆరు గంటలు, మధ్యలో విరామం లేదు. రాత్రంతా పద్యనాటకం చూసి తెల్లవారుజామున నేరుగా పొలానికి వెళ్ళిన జాతికి ఆరు గంటలు ఒక లెక్కా అనకండి. మన నాటకంలో కృష్ణుడు రాగం ఎంతసేపు లాగాలో మనం నిర్ణయిస్తాం. నచ్చితే వన్స్‌మోర్ అంటాం, చచ్చినట్టు మళ్ళీ పాడతాడు. ఫెల్డ్‌మన్ దగ్గర ఆ అధికారం చెల్లదు. ఆ సంగీతం ఎంత మెత్తగా సాగుతుందంటే తృప్తిగా దగ్గుకునే వీలు కూడా ఉండదు. 1996లో న్యూయార్క్ లింకన్ సెంటర్‌లో మొత్తం వాయించబోయి, శరీరాలు తట్టుకోలేవని క్రోనోస్ మానుకుంది. లోకం ఊపిరి పీల్చుకుంది. 1999లో ఫ్లక్స్ క్వార్టెట్ అనే మరో బృందం వచ్చి మొత్తం వాయించేసింది. ఒకడు కొత్తదాన్ని చేరదీస్తే జరిగే అనర్థం ఇదే, ఇంకొకడు దాన్ని పూర్తిచేస్తాడు.

బేతోవెన్ కూడా ఒకప్పుడు బతికే ఉన్నాడు కదా అని కొందరు అతితెలివి ప్రదర్శిస్తారు. ఉన్నాడు, కాదనను. 1826లో ఒక క్వార్టెట్‌కు ముగింపుగా అతను రాసిన 'గ్రోసె ఫ్యూగ్' వియన్నా శ్రోతలకు కొరుకుడు పడలేదు. ప్రచురణకర్త ముగింపు మార్చమని కోరాడు, బేతోవెన్ మార్చాడు కూడా. అంతటివాడే మాట విన్నాడన్నది మనం నేర్చుకోవలసిన నీతి. తీసేసిన ఆ భాగాన్ని ఇవాళ కళాఖండమని నెత్తిన పెట్టుకుంటున్నామన్న సంగతి పిల్లలకు చెప్పకపోతే సరి.

మనకూ ఇలాంటి కష్టం వచ్చింది. మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు నాలుగే స్వరాలతో మహతి రాగం సృష్టిస్తే, ఇది రాగమెలా అవుతుందని పెద్దలు నిలదీశారు. 2016లో ఆయన కూడా అర్హత సంపాదించారు. ఇకపై మహతికి అడ్డులేదు.

క్రోనోస్ చేసిన అన్నింటిలోకి క్షమించరానిది వేరే ఉంది. 2015లో 'ఫిఫ్టీ ఫర్ ద ఫ్యూచర్' అని మొదలుపెట్టి, యాభై కొత్త రచనలు రాయించి, వాటి స్వరలిపిని ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టేసింది. రాసినవారిలో మన జాకిర్ హుసేన్ కూడా ఉన్నారు. విద్యార్థి బృందాలు నేర్చుకోవడానికట! కష్టమైన చోట ఎలా వాయించాలో చెప్పే సామగ్రి కూడా జతచేశారు. గురువుగారు చిట్టస్వరాల పుస్తకాన్ని బీరువాలో పెట్టి, తాళంచెవి మొలతాడుకు కట్టుకుని, శిష్యుడికి పదకొండో ఏట సగం పేజీ చూపించే పద్ధతి వీళ్ళకు తెలియదు. ఇప్పుడు ఏ మూల పట్టణంలోనైనా నలుగురు పిల్లలు ఎవరి కాళ్ళూ పట్టకుండా, నిన్నమొన్న రాసిన సంగీతాన్ని ముద్రించుకుని వాయించగలరు. ఇంటర్నెట్‌ను ఆపడం ప్రభుత్వానికి కష్టమని నాకు తెలుసు. ప్రింటరు ఇంకు మీద పన్నయినా పెంచవచ్చు.