మే నెలలోనూ చదువుకోగలిగే గ్రంథాలయం కావాలి

నల్లగొండలోనైనా పాలమూరులోనైనా జిల్లా గ్రంథాలయం తలుపులు తెరవకముందే పిల్లలు వచ్చి నిలబడి ఉంటారు. గ్రూప్స్‌కు, పోలీసు ఉద్యోగాలకు, డీఎస్సీకి చదివేవాళ్లు. సంచిలో సొంత పుస్తకాలు, టిఫిన్ డబ్బా, నీళ్ల సీసా పెట్టుకొని వస్తారు. రాత్రి మూసేదాకా కదలరు. నెలనెలా ఫీజు కట్టి ఏసీ స్టడీ హాల్లో కూర్చునే స్తోమత లేని ఇండ్ల నుంచి వచ్చేవాళ్లే ఇందులో ఎక్కువ. ఎండాకాలం వచ్చిందంటే వీళ్ల చదువు సగం వేడితో పోరాటమే. మే నెలలో నల్లగొండ 45 డిగ్రీలకు చేరడం మనకు కొత్త కాదు. పగలంతా కాగిన స్లాబు సాయంత్రానికి ఆ వేడినంతా కిందికి వదులుతుంది. ఫ్యాను తిప్పేది ఆ వేడి గాలినే. అందుకే ఈ జిల్లాల్లో ఎక్కడ కొత్త గ్రంథాలయ భవనం ప్రస్తావన వచ్చినా మొదట అడగాల్సిన ప్రశ్న ఒకటుందని మేం భావిస్తున్నాం. మే నెల మధ్యాహ్నం మూడు గంటలకు, ఏసీ లేకుండా, ఒక విద్యార్థి ఆ హాలులో కూర్చొని చదవగలడా?

ఈ ప్రశ్న సాధారణంగా ఎవరూ అడగరు. నిధులు మంజూరవుతాయి, రంగురంగుల ఎలివేషన్ బొమ్మ తయారవుతుంది, శంకుస్థాపన జరుగుతుంది. గాలి ఎటు నుంచి వస్తుంది, ఎండ ఏ గోడ మీద పడుతుంది అన్న ఆలోచన గోడలు లేచాక గానీ రాదు. ఈ మధ్య కడుతున్న ప్రభుత్వ భవనాల్లో చాలావాటికి ముందంతా అద్దాలు, పక్కలకు ఏసీపీ అనే అల్యూమినియం షీట్లు. పడమటి ఎండ అద్దంలోంచి లోపలికి వచ్చి అక్కడే చిక్కుకుంటుంది. దాన్ని బయటికి తోడడానికి ఏసీలు పెడతారు. కరెంటు బిల్లు కట్టలేక ఆ ఏసీలు ఆపిన రోజున, తెరవడానికి వీల్లేని అద్దాల వెనక ఉడికిపోయేది పాఠకులు. అప్పుడు ఆవరణలో నాలుగు మొక్కలు నాటి, పైన రెండు సోలార్ పలకలు బిగించి పర్యావరణహిత భవనం అని బోర్డు పెడితే ఒరిగేదేమీ లేదు. లక్ష్యాలు టెండరు పత్రంలోనే అంకెలతో ఉండాలి. బయట 44 డిగ్రీలు ఉన్నప్పుడు హాలులో ఎంత ఉండాలి, పగటిపూట లైటు వేయకుండా ఎన్ని గంటలు చదవగలగాలి, ఏడాదికి కరెంటు ఎన్ని యూనిట్లు మించకూడదు అన్నవి ముందు రాసుకుంటే, నమూనా వాటికి లోబడి వస్తుంది.

ఎండనూ వెలుగునూ లెక్కగట్టడం ఈ నేలకు తెలియని విద్య కాదు. నల్లగొండ పక్కనే పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం ఉంది. కందూరు చోడ రాజుల కాలపు కట్టడం. సూర్యుడు ఎటు తిరిగినా గర్భగుడిలో నీడ పగలంతా ఒకేచోట నిలిచి ఉంటుంది. ఏ స్తంభం ఎక్కడ నిలబెడితే వెలుగు ఎటు నుంచి లోపలికి వస్తుందో ఆ శిల్పులు కచ్చితంగా ఎరిగి కట్టారు. మన పాత ఇండ్లలోనూ ఆ తెలివి ఉంది. మందపాటి రాతి గోడలు, డంగు సున్నం, పైకప్పులో గవాచి, నడుమ ఆకాశం కనిపించే వాకిలి. వేడి గాలి పైకి పోవడానికి దారి ఉండేది, చల్లగాలి కిందనుంచి వచ్చేది. కొత్త భవనం పాత ఇంటికి నకలు కానక్కర్లేదు, సూత్రం అదే ఉంటే చాలు. భవనం పొడవు తూర్పు పడమరలుగా సాగితే పెద్ద గోడలు ఉత్తర దక్షిణాలకు తిరుగుతాయి. ఉత్తరం కిటికీలోంచి వచ్చే వెలుగు రోజంతా నిలకడగా ఉంటుంది, కళ్లలో పొడవదు, చదువుకు అంతకంటే మంచిది లేదు. దక్షిణపు కిటికీలకు లోతైన సజ్జా చాలు. మెట్లు, మరుగుదొడ్లు, సామాన్ల గది పడమటి వైపు పెడితే సాయంత్రపు ఎండను అవి కాచుకుంటాయి. నడుమ ఒక వాకిలి, అందులో వేపో కానుగో ఉంటే హాలు నాలుగు పక్కలా గాలి ఆడుతుంది. ఇందులో దేనికీ పెద్ద ఖర్చు లేదు. కాగితం మీద గీత గీసేటప్పుడే తీసుకోవాల్సిన నిర్ణయాలివి. హైదరాబాద్‌లో 2004లో ప్రారంభమైన గ్రీన్ బిజినెస్ సెంటర్ అనే పర్యావరణహిత భవనంలో రంధ్రాల జాలీ గోడలు, నడుమ వాకిలి, గాలిని లోపలికి దింపే గోపురాలు వాడారు. ఇరవై ఏళ్ల కిందటే రాజధానిలో చేసి చూపిన పనిని జిల్లా కేంద్రం దాకా తేవడానికి ఇంకా ఎందుకు వెనకాడాలి?

ఇక పైకప్పు. రాష్ట్ర ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్, అంటే ఎండకు కాగని పైకప్పుల విధానం తెచ్చింది, ప్రభుత్వ భవనాలకు దాన్ని తప్పనిసరి చేసింది. స్లాబు మీద తెల్లటి పెంకులో, ఎండను తిప్పికొట్టే పూతో వేస్తే లోపలి వేడి రెండు నుంచి ఐదు డిగ్రీల దాకా తగ్గుతుంది. పైఅంతస్తులో కూర్చునేవారికి ఆ తేడా ఒంటికి తెలుస్తుంది. మిగతా జాగాలో సోలార్. గ్రంథాలయం నడిచేదే ఎక్కువగా పగలు కాబట్టి ఎండ కాసే వేళా కరెంటు వాడే వేళా కలిసి వస్తాయి. మామూలు ఫ్యానుకు 75 వాట్లు పడితే తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యానుకు 30 వాట్ల చుట్టూ పడుతుంది. 60 ఫ్యాన్లు రోజుకు 12 గంటలు తిరిగితే ఆదా అయ్యేది 32 యూనిట్లు. 20 కిలోవాట్ల సోలార్ పలకలు రోజుకు సుమారు 80 యూనిట్లు ఇస్తాయి. ఫ్యాన్లకు, లైట్లకు, కంప్యూటర్లకు, ప్రతి కుర్చీ దగ్గరా ఉండాల్సిన ప్లగ్గులకు అది సరిపోతుంది.

పుస్తకం సంగతి మాత్రం వేరు. మనిషి చెమట తుడుచుకొని కూర్చోగలడు, కాగితం కూర్చోలేదు. 1922లో షబ్నవీసు వెంకట రామనరసింహారావు నల్లగొండ నుంచి నడిపిన నీలగిరి, 1926లో పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి మొదలుపెట్టిన గోలకొండ లాంటి పత్రికల కాలపు కాగితం వేలు తగిలితే పొడిగా రాలే స్థితికి వచ్చింది. వేడి ఒక్కటే దానికి శత్రువు కాదు. నేరుగా పడే ఎండ, వానాకాలపు చెమ్మ, చెదలు, అన్నిటికంటే ఎక్కువగా హెచ్చుతగ్గులు దాన్ని తినేస్తాయి. పగలు ఏసీ వేసి రాత్రి ఆపేసే గదిలో కాగితం రోజూ ముడుచుకొని విచ్చుకుంటుంది. ఆ దెబ్బ ఏసీ లేని గదిలో కంటే ఎక్కువ కావచ్చు. అందువల్ల భవనమంతా ఏసీ పెట్టడం కంటే, నడుమ భాగంలో బయటి గోడ తగలని ఒక చిన్న గదిని అరుదైన పుస్తకాలకు కేటాయించి, అక్కడ మాత్రమే రాత్రింబవళ్లు ఒకే వాతావరణం నిలపడం తెలివైన పని. పునాది వేసేటప్పుడే చెదల మందు, పైకప్పు నీళ్ల గొట్టాలు పుస్తకాల గది మీదుగా పోకుండా చూడడం కూడా నమూనా దశలోనే తేలాలి.

నీళ్ల విషయంలో నల్లగొండకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. నీటిలోంచి ఫ్లోరైడ్ తీయడానికి పటిక, సున్నం వాడే పద్ధతికే మన ఊరి పేరు పెట్టారు, నల్గొండ టెక్నిక్ అని. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ఫ్లోరైడ్ ఎముకలకు చేటు. ఆ హద్దుకు ఎన్నో రెట్లు ఎక్కువున్న బోరు నీళ్లు తాగి నడుములు వంగిపోయిన తరం మన కళ్ల ముందే ఉంది. ఇప్పుడు నల్లాల్లో కృష్ణా నీళ్లు వస్తున్నాయి, నిజమే. కానీ వాన నీటిలో ఫ్లోరైడ్ ఉండదన్నది గుర్తుపెట్టుకోవాలి. ఏడాదికి 600 మిల్లీమీటర్లే కురిసినా, 600 చదరపు మీటర్ల కప్పు మీద పడేది 3 లక్షల 60 వేల లీటర్లు. ఐదో వంతు వృథా పోయినా 2 లక్షల 88 వేలు మిగులుతాయి. మొదటి వాన నీళ్లు వదిలేసి, వడపోసి, నేల కింద లక్ష లీటర్ల సంపులో నింపితే, మనిషికి మూడు లీటర్ల లెక్కన 300 మంది తాగడానికి మూడున్నర నెలలు వస్తుంది. మిగిలింది ఇంకుడు గుంతలోకి పోతుంది. ఆడపిల్లలు మరుగుదొడ్డికి వెళ్లాల్సి వస్తుందని నీళ్లు తాగకుండా పొద్దంతా కూర్చుంటున్నారంటే ఆ భవనం ఎంత పచ్చగా ఉన్నా విఫలమైనట్టే. కడగడానికి నీళ్లున్న, తలుపులు సరిగా పడే మరుగుదొడ్లు కూడా ఈ లక్ష్యాల్లో భాగమే.

దేంతో కట్టాలన్నది కూడా ముఖ్యమే. సిమెంటు తయారీలో సున్నపురాయి కాలినప్పుడు భారీగా బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది, కాబట్టి సిమెంటు ఎంత తక్కువ వాడితే అంత మేలు. దామరచర్ల మండలం వీర్లపాలెంలో 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం ఉంది. దాని బూడిదతో చేసే ఇటుకలు దగ్గర్లోనే దొరికే సరుకు. నేలకు తాండూరు నాపరాళ్లు, గోడలకు స్థానిక గ్రానైటు ఉండగా ఎక్కడి నుంచో టైల్స్ తేవడం ఎందుకు? పాత భవనం గోడలు గట్టిగా ఉంటే కూలగొట్టే ముందు ఇంజినీర్లతో పరీక్షించి, దాన్నే బాగుచేసి పక్కన కొత్తది కలపవచ్చేమో చూడాలి.

స్థలం గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. కొత్త ప్రభుత్వ కార్యాలయాలు ఊరి చివరికి, బైపాస్ పక్కకు పోతున్నాయి. గ్రంథాలయాన్ని కూడా అటే తోసేస్తే మిగతాదంతా వృథా. 2023 డిసెంబరు నుంచి ఆడపిల్లలు ఆర్టీసీ బస్సులో ఉచితంగా వస్తున్నారు. దేవరకొండ వైపు తండా నుంచో, నారాయణపేట పక్క ఊరి నుంచో పల్లెవెలుగులో దిగిన అమ్మాయి అక్కడినుంచి ఆటోకు రోజూ నలభై, యాభై పెట్టుకోవాలంటే మానేస్తుంది. చీకటి పడ్డాక ఊరి చివరి నుంచి బస్టాండుకు రావాలంటే ఇంట్లోవాళ్లకు టెన్షన్. బస్టాండు నుంచి నడిచి వెళ్లగలిగే దూరంలో అర ఎకరం దొరికినా, ఊరి బయట ఐదెకరాల కంటే అదే మేలు. పెట్రోలు పొగ తగ్గించే డిజైన్ అంటే ముందుగా ఇదే.

కట్టాక నడిపేదెవరు? ఆస్తిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా రావాలని చట్టం చెబుతుంది. పంచాయతీలు, మున్సిపాలిటీలు వసూలు చేసిన ఆ సొమ్ము జిల్లా గ్రంథాలయ సంస్థకు సకాలంలో జమ కాదన్న ఫిర్యాదు ఏళ్ల తరబడి ఉన్నదే. దుమ్ము పట్టిన సోలార్ పలక ఇచ్చే కరెంటు తగ్గిపోతుంది. పూడిక తీయని ఇంకుడు గుంత నీళ్లు తాగదు. కాబట్టి భవనం అంచనాలోనే పదేళ్ల నిర్వహణ ఖర్చు కలపాలి, సెస్సు బకాయిలు ముందు చెల్లించాకే శంకుస్థాపనకు కొబ్బరికాయ కొట్టాలి.

జిల్లా యంత్రాంగాన్ని, గ్రంథాలయ సంస్థలను మేం కోరేది ఇంకొకటుంది. నమూనాకు ఆమోదముద్ర వేయకముందే దాన్ని ఇప్పుడున్న రీడింగ్ హాలు గోడకు తగిలించండి. పొద్దున్నుంచి రాత్రిదాకా అక్కడే కూర్చునే పిల్లలను, పత్రికల కోసం వచ్చే పెద్దవాళ్లను, పుస్తకాలు సర్దే సిబ్బందిని నెల రోజులు చూడనివ్వండి, లోపాలు చెప్పనివ్వండి. భవనం తెరిచాక మొదటి ఎండాకాలంలో హాలు లోపలి ఉష్ణోగ్రత, నెల కరెంటు బిల్లు, సంపులో నీటి మట్టం గుమ్మం దగ్గర బోర్డు మీద రాసి పెట్టండి. అనుకున్న అంకెలు అందకపోతే సరిచేసే బాధ్యత కట్టిన గుత్తేదారుపై, నమూనా ఇచ్చిన ఆర్కిటెక్టుపై ఉండేలా ఒప్పందంలో ఇప్పుడే రాసుకోవాలి.