సోఫా అమ్మడం తేలిక, దించి బిగించడమే అసలు వ్యాపారం

మన దేశంలో ఆన్‌లైన్ ఫర్నిచర్ కథ అందరికీ తెలిసిందే. ఈబే ఇండియాలో పనిచేసిన అంబరీష్ మూర్తి, ఆశిష్ షా 2011లో పెప్పర్‌ఫ్రై పెట్టారు. మరుసటి ఏడాది బెంగళూరులో అర్బన్ ల్యాడర్ మొదలైంది. అదే ఊపులో ఫ్యాబ్‌ఫర్నిష్ వచ్చింది. 2016కల్లా ఫ్యాబ్‌ఫర్నిష్ ఫ్యూచర్ గ్రూపు చేతికి పోయింది. 2020 నవంబరులో అర్బన్ ల్యాడర్‌లో 96 శాతం వాటాను రిలయన్స్ రిటైల్ 182 కోట్ల రూపాయలకు కొనేసింది. ఇదంతా చూసి చాలామంది ఒక తీర్పు ఇచ్చేశారు: తాకి చూడకుండా, కూర్చుని చూడకుండా మనవాళ్లు సోఫా కొనరని.

ఆ తీర్పు తప్పు. జనం కొన్నారు. బొమ్మ చూసి మంచాలు కొన్నారు, డైనింగ్ టేబుళ్లు కొన్నారు. చిక్కంతా కొన్న తర్వాత వచ్చింది.

సెల్‌ఫోన్‌ను ఒక కుర్రాడు భుజాన బ్యాగులో వేసుకుని రోజుకు పాతిక ఇళ్లకు చేరుస్తాడు. సోఫా అలా కాదు. కొరియర్ లెక్కలో బరువంటే తూకం ఒక్కటే కాదు, అది ఆక్రమించే చోటు కూడా. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి సాధారణంగా 5000తో భాగిస్తారు. రెండు మీటర్ల పొడవు, 85 సెంటీమీటర్ల వెడల్పు, 80 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న సోఫా ఈ లెక్కన 272 కిలోలు. తూకం వేస్తే అందులో పావు వంతు కూడా ఉండకపోవచ్చు, కిరాయి మాత్రం చోటుకే. దానికి వ్యాన్ కావాలి, ఇద్దరు మనుషులు కావాలి. లిఫ్టులో పట్టకపోతే మెట్లు ఎక్కాలి. మెట్ల మలుపులో తిరగకపోతే అదే వ్యాన్‌లో వెనక్కి పోవాలి. ఆ ఒక్క మలుపు దగ్గర పది అమ్మకాల లాభం హరించుకుపోతుంది. పైగా ఈ రోజు మంచం కొన్నవాడు మళ్లీ మంచం కొనేది పదేళ్లకో, పదిహేనేళ్లకో. అందుకే ఈ వ్యాపారంలో ఆర్డర్ల సంఖ్య చూపించి ‘ఎదుగుదల’ అంటే నాకు నమ్మకం కుదరదు. మొదటిసారికే ఎన్ని వస్తువులు దెబ్బ తగలకుండా ఇంట్లోకి చేరి నిలబడ్డాయో చెప్పండి, అది ఎదుగుదల.

బయటి దేశాల్లోనూ ఇదే పాఠం. బ్రిటన్‌లో మేడ్ డాట్ కామ్ అనే కంపెనీ సరుకు నిల్వ పెట్టుకోకుండా, ఆర్డర్ వచ్చాక ఫ్యాక్టరీ నుంచి తెప్పించే పద్ధతితో ఎదిగింది. 2021 జూన్‌లో సుమారు 77 కోట్ల పౌండ్ల విలువతో స్టాక్ మార్కెట్లోకి వచ్చింది. కోవిడ్ కాలంలో ఓడలు, రేవులు స్తంభించి జనం నెలల తరబడి ఎదురుచూశారు. అప్పుడు హడావుడిగా గోదాములు నింపింది. ఈలోగా గిరాకీ పడిపోయింది. 2022 నవంబరులో కంపెనీ కుప్పకూలితే, ఆ బ్రాండు పేరును నెక్స్ట్ సంస్థ 34 లక్షల పౌండ్లకు తీసుకుంది. అమెరికాలో 2002లో మొదలైన వేఫెయిర్ పెద్ద సామాన్ల కోసం సొంత గోదాములు, సొంత డెలివరీ ఏర్పాట్లు పెంచుకుంది. దానికీ నష్టాలు తప్పలేదు. ఒక్క 2022లోనే 130 కోట్ల డాలర్లు దాటాయి. అయినా నిలబడింది. 2024లో షికాగో పక్కన పెద్ద షోరూమ్ కూడా తెరిచింది. మోయడాన్ని తన పనిగా చూసినవాడికీ, ఎవరో మోస్తారులే అనుకున్నవాడికీ తేడా అది. పెప్పర్‌ఫ్రై ఇన్నేళ్లు నెట్టుకురావడానికి కారణం కూడా సొంత ట్రక్కులు, సామాన్లు స్వయంగా చూసుకునేలా ఊరూరా పెట్టిన స్టూడియోలేనని నా అభిప్రాయం. యాప్ సొగసు వల్ల కాదు.

అవతలి వాదన లేకపోలేదు. మార్కెట్‌ప్లేస్ అంటేనే కొనేవాడినీ అమ్మేవాడినీ కలిపే సంత, ట్రక్కులూ గోదాములూ నెత్తిన పెట్టుకుంటే ఆ బరువుకే మునిగిపోతుంది, తేలికగా ఉంటేనే వేల మంది చిన్న తయారీదారులకు చోటు దొరుకుతుంది అంటారు. పుస్తకాలకూ బట్టలకూ ఆ మాట చెల్లుతుంది. నూట ఇరవై కిలోల బీరువాకు చెల్లదు. ఆ బరువు ఎక్కడికీ మాయమైపోదు. కంపెనీ మోయకపోతే ఎక్కడో జోధ్‌పూర్‌లో దాన్ని చేసిన తయారీదారు మోయాలి, లేదా కొన్నవాడు మోయాలి.

మన చట్టాలు ఎటు మొగ్గాయో చూడండి. విదేశీ పెట్టుబడి ఉన్న మార్కెట్‌ప్లేస్ సొంత సరుకు అమ్మకూడదు. ఆ నియమం సబబే. కానీ 2016 మార్చిలో కేంద్రం విదేశీ పెట్టుబడుల మీద ఇచ్చిన ప్రెస్ నోట్ 3 అనే ఉత్తర్వులో ఇంకో మాట ఉంది: అమ్మకం తర్వాత డెలివరీ, కొనుగోలుదారు సంతృప్తి, వారంటీ అన్నీ విక్రేత బాధ్యత. అదే నోట్ మార్కెట్‌ప్లేస్‌కు గోదాములు, రవాణా, కాల్ సెంటర్, డబ్బు వసూలు సేవలు నడుపుకునే వీలు కూడా ఇచ్చింది. అంటే పనులన్నీ చేయవచ్చు, జవాబుదారీ మాత్రం ఎక్కడో వేరే రాష్ట్రంలో ఉన్న చిన్న విక్రేతది.

ఇది కాగితం మీది చర్చ కాదు. మా ఇంటికి ఒక వార్డ్‌రోబ్ వచ్చింది, ఐదు అట్టపెట్టెల్లో. దించినవాళ్లు దించి వెళ్లిపోయారు. మూడు రోజుల తర్వాత బిగించే కార్పెంటర్ వచ్చాడు. ఎడమ తలుపు కబ్జా రంధ్రాలు ఫ్యాక్టరీలోనే పక్కకు పడ్డాయి. ఆయన స్క్రూ విప్పి చూపించాడు. రంధ్రం చుట్టూ పార్టికల్ బోర్డు, అంటే చెక్కపొట్టును జిగురుతో అదిమి చేసిన పలక, పిండిలా రాలుతోంది. “సార్, ఈ బోర్డు ఒక్కసారే స్క్రూ పడుతుంది. విప్పి మళ్లీ బిగిస్తే పట్టు ఉండదు” అన్నాడు. అగ్గిపుల్లలు విరిచి, ఫెవికాల్ అద్ది ఆ రంధ్రంలో దట్టించాడు. అది ఆరేదాకా కుడి తలుపు పని చూసి, తర్వాత నిదానంగా స్క్రూ దింపాడు. తలుపు ఈ రోజుకీ వంగలేదు. కంపెనీకి ఫిర్యాదు చేస్తే విక్రేతను సంప్రదించమని జవాబు. యాప్‌లో నక్షత్రాలు ఇచ్చింది వార్డ్‌రోబ్‌కు, డెలివరీకి. ఆ కార్పెంటర్ పేరుకు అందులో చోటే లేదు. ఆయన వెళ్తూ తలుపు లోపలి వైపు పెన్సిల్‌తో తన నంబరు రాసి వెళ్లాడు. రెండేళ్ల తర్వాత ఇల్లు మారేటప్పుడు నేను ఫోన్ చేసింది ఆ నంబరుకే.

నా అసలు బాధ ఇక్కడే ఉంది. ఈ వ్యాపారంలో ఫొటో తీసినవాడికి, ప్రకటన రాసినవాడికి, యాప్ కట్టినవాడికి నెల జీతం ఉంది. వస్తువును వస్తువుగా నిలబెట్టే వడ్రంగికి మాత్రం ఏజెన్సీ ద్వారా ముక్కకింత లెక్క. పెట్రోలు తనది, డ్రిల్లు తనది. రంధ్రం పక్కకు పడితే పోయే గంట కూడా తనదే. ఉలి పట్టడం తాతల నుంచి వచ్చిన చెయ్యి ఇప్పుడు ఫ్యాక్టరీ తప్పులకు అగ్గిపుల్లలు దట్టిస్తోంది.

2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి, వాటిలో వడ్రంగం ఒకటి. పనిముట్లకు 15 వేల రూపాయలు, 5 శాతం వడ్డీకి రెండు విడతల్లో 3 లక్షల దాకా అప్పు. మంచిదే, కాదనను. కానీ ఈ దేశంలో వడ్రంగికి తక్కువైంది బాడిస ఒక్కటేనా? చేసిన పని మీద తన పేరు లేకపోవడం అంతకంటే పెద్ద లోటు. నిర్మల్ ఫర్నిచర్‌కు జీఐ, అంటే ఊరి పేరుతో ఇచ్చే భౌగోళిక గుర్తింపు ఉంది. అది ఊరికి దక్కిన గౌరవం, సంతోషం. ఆ కుర్చీ కాలు చెక్కిన మనిషి పేరు మాత్రం ఎక్కడా దొరకదు.

2020 జులైలో వచ్చిన ఈ-కామర్స్ వినియోగదారుల రక్షణ నియమాలు మార్కెట్‌ప్లేస్‌లలో విక్రేత వివరాలు కనిపించాలన్నాయి, దిగుమతి సరుకైతే ఏ దేశానిదో తెలియాలన్నాయి, ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలన్నాయి. అదే జాబితాలో ఫర్నిచర్‌కు ఇంకో రెండు చేర్చాలి. వస్తువు ఏ ఊళ్లో, ఎవరి చేతిలో తయారైందో చెప్పాలి. బిగించినవారి పేరు బిల్లు మీద ఉండాలి, ఆయన కూలి విడిగా కనిపించాలి. 2016 నోట్‌తో వచ్చిన ఆ బాధ్యతల నియమాన్నీ సవరించాలి. రవాణా, బిగింపు తన చేతిలో ఉంచుకుని నడిపే మార్కెట్‌ప్లేస్ ఆ రెండింటికీ తానే పూచీ పడాలి. కంపెనీలు ఖర్చు పెరుగుతుందని అంటాయి. పెరుగుతుంది. ఇన్నాళ్లూ ఆ ఖర్చును జేబులోంచి పెట్టుకుంటున్నది వడ్రంగే.